కిశోరం నుంచి లేగదూడ దాకా: కృష్ణా డెల్టాలో పాలు మాన్పించే జ్ఞానం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

పుట్టిన పిల్లను తల్లిపాల నుంచి తప్పించి మేతకు అలవాటు చేయడం పశుపోషకుని జ్ఞానంలో కీలకమైన భాగం. గుర్రపు పిల్ల విషయంలో ఈ పనికి కౌటిలీయ అర్థశాస్త్రం నెలలవారీ లెక్క చెప్పింది. కృష్ణా డెల్టాకు మాత్రం గుర్రం ప్రధానంగా ఎదిగిన జంతువుగానే చేరింది. అందువల్ల ఈ ప్రాంతపు అశ్వజ్ఞానం పెంచేవాడి జ్ఞానంగా కాక కొనేవాడి జ్ఞానంగా రూపొందిందనీ, పాలు మాన్పించే పనికి సంబంధించిన అనుభవం, పదజాలం ఆవుదూడ చుట్టూ పెరిగాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు శాసన, సాహిత్య, విదేశీ యాత్రికుల ఆధారాలతోపాటు భాషా సాక్ష్యాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కిశోరం, అశ్వశాస్త్రం, మోటుపల్లి, కృష్ణా డెల్టా, లేగదూడ, ఒంగోలు జాతి, పాలు మాన్పించడం.

1. ఉపోద్ఘాతం

దక్షిణ భారత చరిత్ర రచనలో గుర్రానికి పెద్దపీటే దక్కింది. అశ్వదళాల సంఖ్య, అరబ్బు వర్తకుల లాభాలు, విజయనగరానికీ బహమనీలకూ మధ్య సాగిన పోటీ వంటి విషయాల మీద విస్తారమైన పరిశోధన జరిగింది. అయితే ఆ చరిత్రలో గుర్రం ఎప్పుడూ ఎదిగిన జంతువే. జీను కట్టించుకొని, రౌతును ఎక్కించుకొని అది పుటల్లోకి వస్తుంది. దానికొక తల్లి ఉందనీ, అది కొన్ని నెలలు పాలు తాగిందనీ, ఒకనాడు ఎవరో దాన్ని తల్లి దగ్గర నుంచి తప్పించారనీ గుర్తుచేసే వాక్యం అరుదు.

తప్పించడమన్నది చిన్న పని కాదు. ఆడగుర్రం సుమారు 11 నెలలు చూలు మోస్తుంది. ఈనిన తొలి రోజుల్లో పిల్ల గంటకు పలుమార్లు పాలు తాగుతుంది. రెండు, మూడు నెలలకు పాలు గరిష్ఠస్థాయికి చేరి, ఆపైన వాటి పరిమాణం, సారం రెండూ తగ్గుతాయి. ఈలోగా పిల్ల తల్లి మేసే గడ్డినే కొరకడం నేర్చుకుంటుంది. తల్లి వేసిన లద్దెను కొద్దికొద్దిగా తింటుంది కూడా. చూసేవారికి రోతగా తోచే ఈ అలవాటు వల్లనే గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు పిల్ల పేగుల్లోకి చేరతాయి. మరోవైపు ఈనిన వారం, పది రోజులకే ఆడగుర్రం మళ్లీ ఎదకు రాగలదు. అప్పుడు దాటిస్తే ఒకే శరీరం కడుపులోని పిల్లనూ, పొదుగు దగ్గరి పిల్లనూ ఏకకాలంలో పోషించవలసి వస్తుంది. కనుక ఎప్పుడు మాన్పించాలన్న నిర్ణయం మూడు ప్రాణాలకు సంబంధించినది. నేటి పశువైద్యశాస్త్రం సాధారణంగా 4 నుంచి 6 నెలల వయసును సూచిస్తుంది. ఒక్కసారిగా విడదీయడం, కంచెకు అటూ ఇటూ ఉంచి చూపు, వాసన అందనిచ్చి క్రమంగా దూరం చేయడం, మందలోని తల్లులను ఒక్కొక్కదాన్నే తొలగించి పిల్లలను తోటిపిల్లల మధ్య వదలడం – ఇవి వాడుకలో ఉన్న పద్ధతులు. తొందరపడి తప్పించిన పిల్ల సకిలిస్తూ తిరుగుతుంది, మేత మానుతుంది, ఎదుగుదల ఆగుతుంది.

ఇంతటి సున్నితమైన జ్ఞానం ఒక సమాజంలో ఉన్నదా, ఉంటే ఏ జంతువు విషయంలో ఉన్నది అన్న ప్రశ్న ఆ సమాజపు ఆర్థిక చరిత్రకు సంబంధించిన ప్రశ్నే.

2. కిశోరం: ఆరు నెలల లెక్క

అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం భారతీయ వాఙ్మయంలో ఈ విషయానికి ముఖ్యమైన ఆధారం. రాజు అశ్వశాలలోని గుర్రాలను అవి వచ్చిన దారినిబట్టి నమోదు చేయాలని కౌటిల్యుడు చెబుతాడు. కానుకగా వచ్చినవి, కొన్నవి, యుద్ధంలో పట్టినవి, సాయంగా అందినవి మొదలైన వాటితోపాటు ‘ఆజాతం’, అంటే శాలలోనే పుట్టినది అనే వర్గం కూడా ఆ పట్టికలో ఉంది. ఈ ఒక్క మాట చాలు, ఆ పుస్తకం వెనుక గుర్రాన్ని ఈనించి పెంచిన వ్యవస్థ ఉన్నదని చెప్పడానికి.

ఈనిన గుర్రానికి మూడు రాత్రులు ప్రస్థం నెయ్యి తాగించాలి. ఆపైన పది రాత్రులు ప్రస్థం పేలపిండి, మందు కలిపిన నూనె ఇవ్వాలి. తరువాత ఉడికించిన ధాన్యం, గడ్డి, ఋతువుకు తగిన ఆహారం. పిల్లకు పది రోజులు దాటినప్పటి నుంచి నెయ్యి కలిపిన కుడుబం పిండి, ప్రస్థం పాలు ఆరు నెలలు నిండేవరకు. అక్కడి నుంచి యవలు చేర్చి, నెలనెలా పెంచుతూ మూడేళ్ల వరకు. నాలుగైదు ఏళ్లకు గుర్రం పూర్తిగా ఎదిగి పనికి వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఆరు నెలల గడువు మాత్రమే కాదు. పదో రోజు దాటగానే పిండి మొదలుపెట్టి, పాలతోపాటు ఘనాహారాన్ని సమాంతరంగా నడిపించి, ఆరు నెలలకు పాలను ఆపడంలో ఉన్న క్రమం ముఖ్యం. మాన్పించడం ఒకనాటి ఘటన కాదనీ, ఆరు నెలల ప్రక్రియ అనీ ఆ రచయితకు తెలుసు.

ఈ సందర్భంలో అర్థశాస్త్రం వాడిన మాట ‘కిశోర’. సంస్కృతంలో ఆ పదానికి మొదటి అర్థం గుర్రపు పిల్ల. అథర్వవేదంలోనే ఆ అర్థంలో కనిపిస్తుంది. అమరకోశం దాన్ని క్షత్రియవర్గంలో, గుర్రాల పేర్ల నడుమ చేర్చింది. తెలుగులో ఆ పదం నడక వేరు. సింహకిశోరం అన్నప్పుడు అది ఏ జంతువు పిల్లకైనా చెల్లింది. ఆపైన మనుషుల మీదికి వచ్చింది. నేడు అంగన్‌వాడీ కేంద్రంలో ‘కిశోర బాలికలు’ అన్నప్పుడు గుర్రాన్ని తలచేవారెవరూ లేరు. పదాల అర్థం మారడం సహజమే. అయితే ‘లేగ’, ‘క్రేపు’ వంటి మాటలు ఆవుదూడను విడిచి ఎక్కడికీ పోలేదు. ఒక మాట తన జంతువును అంటిపెట్టుకొని ఉండటానికి ఆ జంతువు ప్రతి పెరట్లోనూ కనబడుతూ ఉండాలి.

గుర్రానికి తెలుగు పదాలు లేవని కాదు. ఆడగుర్రానికి ‘గోడిగ’ అన్న మాట నిఘంటువుల్లో ఉంది. పొట్టిగుర్రం ‘తట్టువ’. అశ్వాధికారి ‘సాహిణి’. కానీ పిల్ల దగ్గరకు వచ్చేసరికి భాష ‘గుర్రపు పిల్ల’ అని ఊరుకుంటుంది. ఆవు విషయంలో దూడ, లేగ, క్రేపు, తువ్వాయి, పెయ్య, కోడె అని వయసును, లింగాన్ని వేరుచేసి చెప్పిన భాష ఇదే. తేజీ, జీను, లగాము, నాడా – గుర్రానికి సంబంధించి పారసీకం నుంచి, ఉర్దూ నుంచి తెలుగులో నిలిచిపోయిన ఈ మాటలన్నీ ఎదిగిన గుర్రానికీ, దాని సామగ్రికీ చెందినవే.

3. ఓడ మీద వచ్చిన గుర్రం

కృష్ణా తీరంలో గుర్రం రూపం ప్రాచీనమే. జగ్గయ్యపేట స్తూపానికి చెందిన ప్రసిద్ధ ఫలకం మీద చక్రవర్తి చుట్టూ సప్తరత్నాలు ఉన్నాయి. వాటిలో అశ్వం ఒకటి. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో తొలి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. విష్ణుకుండి మాధవవర్మకు పదకొండు అశ్వమేధాల కీర్తి ఉంది. రత్నంగానో, యాగపశువుగానో గుర్రం ఇక్కడికి వచ్చింది. ఈ రెండు పాత్రల్లోనూ అది రాజుకు చెందినది, రైతు పెరటిది కాదు.

మధ్యయుగానికి వచ్చేసరికి అది వచ్చిన దారి స్పష్టంగా కనిపిస్తుంది. డెల్టాకు నైరుతి అంచున, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244–45లో వేయించిన అభయశాసనం అందరూ ఎరిగినదే. పూర్వపు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ రాజు హామీ ఇచ్చాడు. ఈ శాసనాన్ని సాధారణంగా వాణిజ్యనీతికి ఉదాహరణగా చూపుతారు. అది న్యాయమే. అయితే పశుచరిత్ర దృష్టితో చూస్తే అందులో మరో సమాచారం ఉంది: గుర్రం ఓడలోని సరుకు. బంగారం సరసన, రత్నాల సరసన లెక్కపెట్టదగిన సరుకు. ఓడ మునిగితే తీరానికి కొట్టుకువచ్చే వస్తువు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ రాయితీలు ప్రకటించవలసి రావడాన్నిబట్టి ఆ ఓడల మీద ఆధారం ఎంత గట్టిదో ఊహించవచ్చు.

విజయనగర కాలానికి ఈ ఆధారం రాజనీతి సూత్రమైంది. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి భాగంలో కృష్ణరాయలు రేవులను వృద్ధి చేసి గుర్రాలు, ఏనుగులు, మణులు, చందనం, ముత్యాలు దిగుమతి అయ్యేటట్లు చూడాలనీ, గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి అవి శత్రువులకు చేరకుండా చూసుకోవాలనీ ఉపదేశిస్తాడు. ఈ కావ్యానికీ కృష్ణా డెల్టాకూ ఉన్న సంబంధం కేవలం భౌగోళికం కాదు. కళింగ దండయాత్రలో రాయలు విజయవాడలో విడిది చేసి, అక్కడి నుంచి శ్రీకాకుళం వచ్చి ఆంధ్రవిష్ణువును సేవించినప్పుడే ఆ కావ్యరచనకు స్వప్నాదేశం కలిగిందని అవతారిక చెబుతుంది. గజపతుల ఏలుబడి నుంచి రాయలు గెలుచుకుంటున్న నేల అది. ఆ నేలకు గుర్రమెక్కి వచ్చిన రాజు రాసిన నీతిలో గుర్రాలను ఎలా రప్పించాలో ఉంది. ఎలా ఈనించాలో లేదు. ఆయనకు అది అవసరమైన ప్రశ్న కాదు.

పోర్చుగీసు వాడైన ఫెర్నావ్ నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు. అతని వృత్తాంతం ఈ వ్యవహారంలోని ధనబలాన్ని చూపిస్తుంది. రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడనీ, వాటిలో హుర్ముజ్ గుర్రాలతోపాటు దేశవాళీవి కూడా ఉండేవనీ అతడు రాశాడు. సాళువ నరసింహుని కాలం గురించి చెప్పిన మాట ఇంకా ఆశ్చర్యకరం: గుర్రం బతికి వచ్చినా, చచ్చి వచ్చినా రాజు కొనేవాడట. సముద్రంలో చనిపోయినదాని తోక తెచ్చి చూపినా వెల చెల్లించేవాడట. అతిశయోక్తి పాలు ఎంతైనా ఉండనివ్వండి, తోకకు వెల కట్టగలిగిన వ్యవస్థకు పిల్లను పెంచే ఓపికతో పని ఉండదు. నూనిజ్ చెప్పిన ‘దేశవాళీ’ గుర్రాలను కూడా విస్మరించరాదు. దక్కనులోని మెట్టప్రాంతాల్లో, ముఖ్యంగా భీమా లోయలో, గుర్రాలను ఈనించే సంప్రదాయం బలంగా సాగింది. కాబట్టి భేదం ఉత్తరానికీ దక్షిణానికీ మధ్యది కాదు. మెట్టకూ మాగాణికీ మధ్యది.

కుతుబ్‌షాహీల రేవైన మచిలీపట్నం కూడా పారసీక, అరబ్బు తీరాలతో వర్తకం సాగించింది. ఆంగ్లేయుల కాలంలో మద్రాసు సైన్యం మొదట అరబ్బు గుర్రాల మీద, 19వ శతాబ్దం రెండో పాదం నుంచి ఆస్ట్రేలియా ‘వేలర్ల’ మీద ఆధారపడింది. ప్రభువులు మారారు, ఓడలు మారాయి. గుర్రం మాత్రం ఎదిగిన తరువాతే తీరం దిగింది.

4. కొనేవాడి శాస్త్రం

భారతీయ అశ్వశాస్త్రానికి శాలిహోత్రుడు ఆద్యుడు. నకులుని పేర, జయదత్తుని పేర ప్రసిద్ధమైన గ్రంథాలున్నాయి. తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణ విలాసము ఈ కోవకు చెందినది. దాని పేరులోనే గ్రంథస్వభావం తెలుస్తున్నది: ‘లక్షణం’. గుర్రం మేనిమీది సుడులు ఎక్కడ ఉంటే శుభం, ఎక్కడ ఉంటే యజమానికి హాని. ఏ రంగు ఏ ఫలితాన్నిస్తుంది. పళ్లనుబట్టి వయసును ఎలా గుర్తించాలి. ఏ నడక ఎటువంటిది – అశ్వలక్షణ శాస్త్రాల్లో విస్తారంగా చర్చించే విషయాలివి.

ఈ విషయాలను మూఢవిశ్వాసాల జాబితాగా కొట్టిపారేయడం సులభం. అది తొందరపాటు విమర్శ. అంగట్లో తనకు తెలియని గుర్రం ముందు నిలబడినవాడికి దాని తల్లి ఎవరో తెలియదు, తండ్రి ఎవరో తెలియదు, ఎన్ని నెలలు పాలు తాగిందో తెలియదు. ఓడలో ఎన్ని రోజులు ఆకలితో ఉన్నదో కూడా వర్తకుడు చెప్పడు. అతని ముందున్నది కేవలం ఒక శరీరం. ఆ శరీరం మీద కనిపించే గుర్తులను చదవడం తప్ప వేరే దారి లేదు. సుడి, రంగు, పన్ను, నడక – ఇవి కొనుగోలుదారు చదవగలిగిన అక్షరాలు. పెంచేవాడికి ఆ అవసరం తక్కువ. తన శాలలో పుట్టిన పిల్ల చరిత్ర అతనికి కంఠస్థం. అందుచేత లక్షణశాస్త్రం బలంగా పెరిగిన చోట పోషణశాస్త్రం పలచబడిందంటే అది జ్ఞానలోపం కాదు, విపణి స్వభావం. తాను ఏనాడూ చూడని బాల్యానికి బదులుగా కొనేవాడు తయారుచేసుకున్న సాధనమే లక్షణశాస్త్రం.

5. వరినేలలో గుర్రపు పిల్ల

డెల్టాలో గుర్రం పిల్లలను పెంచకపోవడానికి విపణి ఒక్కటే కారణమా? మార్కో పోలో చెప్పిన మాట ఇక్కడ ఉపకరిస్తుంది. అతడు మోటుపల్లిని ‘ముత్‌ఫిలి’ అని పేర్కొని, అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను, రాజ్యమేలిన రాణిని వర్ణించాడు. గుర్రాల సంగతి మాత్రం దక్షిణాన పాండ్యుల మాబారు ప్రసంగంలో వస్తుంది. అక్కడి రాజులు ఒక్కొక్కరు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటారనీ, సంవత్సరం తిరిగేసరికి వంద కూడా మిగలవనీ, గుర్రపు వైద్యులను అక్కడికి రానివ్వకుండా వర్తకులే అడ్డుపడతారనీ అతడు ఆరోపించాడు. అంతకన్నా విలువైన పరిశీలన మరొకటి ఉంది: మేలైన ఆడగుర్రాన్ని మేలైన మగగుర్రంతో దాటించినా పుట్టేది కాళ్లు వంకరపోయిన, ఎక్కడానికి పనికిరాని చిన్న పిల్ల. గుర్రాలకు అన్నం, మాంసం వండి పెడతారని కూడా అతడే రాశాడు.

పోలో ఈ రెండు మాటలను పక్కపక్కన చెప్పాడు గానీ ముడిపెట్టలేదు. నేటి పోషణశాస్త్రం ముడిపెట్టడానికి అవకాశమిస్తుంది. బియ్యంలో, తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. వరిగడ్డిలో సున్నం తక్కువ కావడమే కాక, ఉన్న కొద్దిపాటి సున్నాన్ని శరీరానికి అందనివ్వని ఆక్సలేట్లు ఉంటాయి. అటువంటి మేత మీద బతికే గుర్రం తన ఎముకల్లోని సున్నాన్నే కరిగించుకుంటుంది. చూలు మీద ఉన్న తల్లికి అది కష్టం. పాలు మానిన పిల్లకు మరీ కష్టం. పాలు ఉన్నంతకాలం తల్లి ఎముకల నుంచైనా సున్నం అందుతుంది. ఆ దారి మూసుకున్న రోజు నుంచి మేతే దిక్కు. కాళ్లు వంకరపోవడం ఈ లోపానికి సరిపోయే లక్షణం. ఏడు శతాబ్దాల కిందటి యాత్రికుడు చూసినది ఇదేనని నిర్ధారించడం సాధ్యం కాకపోయినా, తీరాంధ్ర మాగాణి కూడా వరిసీమే గనుక ఈ వివరణ డెల్టాకూ వర్తించే అవకాశం బలంగా ఉంది. దీనికి తోడు తేమనేలల్లో జోరీగలు మోసుకొచ్చే ‘సర్రా’ వ్యాధి ఉంది. దాని కారకజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో గుర్తించేనాటికి ఆ రోగం గుర్రాలకు ప్రాణాంతకమని అందరికీ అనుభవంలో ఉన్నదే.

ఎదిగిన గుర్రానికి ఉలవలు పెట్టి పని గడుపుకోవచ్చు. ఉలవలు మెట్టపంట, గుర్రపు దాణాగా పేరుపడ్డవి. (పశువుల దాణా కోసం ఉడికించిన ఉలవల నీరే బెజవాడ భోజనశాలల్లో పేరుమోసిన ఉలవచారుకు మూలం. గుర్రం పోయినా దాణా నీరు మిగిలింది.) ఎదుగుతున్న పిల్లకు మాత్రం దాణాతోపాటు మేత నేల కూడా కావాలి. 1852–55 మధ్య బెజవాడ వద్ద కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో కృష్ణా ఆనకట్ట నిర్మితమై, కాలువలు పారిన తరువాత డెల్టాలో ఖాళీ నేల అన్నది క్రమంగా పొలమైంది. గుర్రపు పిల్ల పరుగెత్తడానికి ఉండవలసిన బయలు అలా కుదించుకుపోయింది.

6. లేగదూడ: తెలుగువారి పాల వియోగం

గుర్రం విషయంలో మౌనంగా ఉన్న తెలుగు సాహిత్యం ఆవుదూడ దగ్గర గొంతు విప్పుతుంది. 15వ శతాబ్దికి చెందిన అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం తెలుగునాట బడిపిల్లలు సైతం ఎరిగిన కథ. పులి నోట చిక్కిన ఆవు కోరేది తన ప్రాణం కాదు. ఇంకా గడ్డి కొరకడం నేర్వని పసిదూడకు ఒక్కసారి పాలిచ్చి వస్తానని గడువు అడుగుతుంది. ఈ కథను సత్యవాక్యపాలనకు ఉదాహరణగా బోధించడం పరిపాటి. పశుపోషణ దృష్టితో చదివితే అందులోని తర్కం మరింత గట్టిగా కనిపిస్తుంది. దూడ మేత నేర్చి ఉంటే ఆవుకు ఆ అభ్యర్థన చేసే హక్కు ఉండేది కాదు. పాలు మానని వయసే కథకు ఆధారం. కవి ఆ వివరాన్ని అలంకారంగా చెప్పలేదు. వినేవాళ్లు ఆ తేడా తెలిసినవాళ్లని ఎరిగి చెప్పాడు.

విజయవాడ స్థలగాథల్లో మాధవవర్మ కథ ఒకటి. యువరాజు రథం కిందపడి ఒక పేదరాలి కొడుకు మరణించగా, రాజు తన కొడుకుకే మరణదండన విధించాడనీ, దుర్గమ్మ కనకవర్షం కురిపించిందనీ చెబుతారు. ఇదే న్యాయకథ తమిళంలో మనునీతిచోళుని పేర ఉంది. అక్కడ రథచక్రం కింద నలిగినది ఆవుదూడ, గంట మోగించినది తల్లి ఆవు. రెండు కథల్లోనూ గుర్రం రాజు రథాన్ని లాగేది. పిల్లను కోల్పోయే తల్లి పాత్ర దానికి ఎన్నడూ దక్కదు.

మాటల్లో, కథల్లో కనిపించే ఈ ఎరుక పశువులశాలలో పద్ధతులుగా ఉంది. ఆవు ఈనిన తొలి పాలు మురిపాలు, జున్నుపాలు. దూడ మూతితో పొదుగును పొడిస్తే తల్లి పాలు ‘చేపుతుంది’. ఈ క్రియకు సమానమైన మాట వేరే సందర్భంలో లేదు. పితికేవారు ముందు దూడను విడిచి, చేపు రాగానే తప్పించి, చివర మళ్లీ విడుస్తారు. మట్టి తినకుండా, వేళకాని వేళ పాలు తాగకుండా దూడ మూతికి చిక్కం కడతారు. మాన్పించవలసి వచ్చినప్పుడు పొదుగుకు పేడ పూయడం, ముళ్లు గుచ్చిన మూతికట్టు కట్టి తల్లే తన్నేటట్లు చేయడం వంటి పద్ధతులున్నాయి. పసిబిడ్డకు పాలు మాన్పించే తల్లి రొమ్ముకు వేపాకు పసరు రాసుకోవడంతో పోల్చదగిన పద్ధతులివి. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టే ఆచారం అన్నిటికన్నా విషాదకరమైనది. తల్లి దాన్ని నాకి పాలు చేపుతుంది.

ఒంగోలు జాతి విషయంలో పాలు మాన్పించడమన్నది దాదాపు తల్లికే వదిలివేసిన పని. గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతపు రైతులు కోడెదూడకు తల్లిపాలు కడుపునిండా వదిలి, తాము పితుక్కోవడం తగ్గించుకునేవారు. వారికి కావలసింది పాలు కాదు, అరక లాగే ఎద్దు. అక్కడి సున్నపు నేలల్లో పండిన జొన్నచొప్ప దూడ ఎముకకు బలమిచ్చింది. డెల్టా రైతు ఈ లోటును మరో విధంగా పూడ్చుకున్నాడు. వరి కోతకు ముందే తడి మడిలో జనుము, పిల్లిపెసర చల్లి, కోత తరువాత పశువులను మేపాడు. సున్నం సమృద్ధిగా ఉండే ఈ కాయజాతి మేతలు వరిగడ్డి లోపాన్ని సరిచేశాయి. పంటల చరిత్రలో నేల సారం పెంచే ఉపాయంగా మాత్రమే పేర్కొనే ఈ సేద్యాన్ని పాలు మానిన దూడ ఎదుగుదలకు వేసిన బాటగా కూడా చూడవలసి ఉంది. అదే తడినేల, అదే వరి. గుర్రపు పిల్లకు జరగని ఏర్పాటు ఆవుదూడకు జరిగింది. దూడ ఇంటిది.

1918లో నెల్లూరు జిల్లా చింతలదేవిలో ప్రభుత్వం పశుక్షేత్రం నెలకొల్పి ఒంగోలు జాతిని పరిరక్షించడానికి పూనుకుంది. ఆ జాతి బ్రెజిల్‌కు వెళ్లి ‘నెలోర్’ పేరుతో కోట్లకు పెరిగింది. డెల్టాలో మాత్రం 1960ల చివర విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం నెలకొన్న తరువాత లెక్క తిరగబడింది. ట్రాక్టరు వచ్చి ఎద్దు అవసరం తగ్గింది. పాలకు రోజువారీ ధర వచ్చింది. దూడ తాగిన ప్రతి గుక్కకూ వెల ఏర్పడింది. గేదె పాడి విస్తరించిన చోట్ల దున్నదూడ బతకడమే కష్టమైంది. దూడ లేకుండానే చేపు తెప్పించడానికి అక్రమంగా ఆక్సిటోసిన్ సూది వేసే దుష్పద్ధతి ప్రవేశించింది. తోలుదూడ తల్లిని మోసగించినా, తల్లికి దూడ కావాలన్న సంగతిని అంగీకరించింది. సూదికి ఆ అంగీకారం కూడా అక్కర్లేదు.

7. మిగిలిన కిశోరం: గాడిద పిల్ల

గుర్రం జాతికి చెందిన జంతువుల్లో డెల్టాలో తరతరాలుగా ఈనుతూ, పిల్లలను పెంచుతూ వచ్చినది గాడిద ఒక్కటే. చాకలివారి మూటలు మోసిన ఈ జంతువు శాసనాలకు ఎక్కలేదు, దానికి లక్షణగ్రంథమూ లేదు. గాడిద చూలు సుమారు ఏడాది. పిల్ల ఆరు నెలల దాకా పాలు తాగుతుంది. అర్థశాస్త్రం కిశోరానికి పెట్టిన గడువు ఇక్కడ ఎవరూ పుస్తకంలో చూడకుండానే అమలులో ఉంది.

అయితే ఆ పాలకు మరో గిరాకీ ఉంది. పసిపిల్లలకు ఉబ్బసం రాదనీ, గొంతు బాగుపడుతుందనీ కోస్తా పట్టణాల్లో గాడిదపాలు పట్టించే వాడుక నేటికీ ఉంది. అమ్మేవారు గాడిదను వీధివీధికీ తిప్పి గుమ్మం ముందే పితికి, చిన్న కొలతతో పోస్తారు. ఆవులాగే గాడిద కూడా పిల్ల దగ్గర లేకపోతే పాలు సరిగా చేపదు. అందుకే పిల్ల కూడా వెంట నడుస్తుంది. రోజంతా కలిపి లీటరుకు మించని ఆ పాలలో దాని వాటా ఎంతన్నది ఆ రోజు ఎన్ని గుమ్మాలు పిలిచాయన్నదాని మీద ఆధారపడుతుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో గాడిదలు 1.2 లక్షలు. 2012తో పోలిస్తే 61 శాతం తగ్గుదల. గుర్రాలు, తట్టువలు 3.4 లక్షలకు పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో గాడిదల సంఖ్య ఆ ఏడేళ్లలో సగానికి మించి తగ్గింది. వాషింగ్ మెషీన్, ఆటో వచ్చి మూటలు మోసే పని పోయింది. మాంసం కోసం అక్రమ వధ సాగుతున్నట్లు కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వార్తలు వస్తున్నాయి. గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థి పాఠ్యపుస్తకంలో గుర్రపు పిల్లకు పాలు మాన్పించే వయసును చదువుకుంటాడు. ఆ కళాశాలకు కొద్ది మైళ్ల దూరంలో, బెజవాడ సందుల్లో, గాడిద తల్లి ఒకటి గుమ్మం ముందు ఆగితే పిల్ల పొదుగు దగ్గరకు వస్తుంది. చేపు రాగానే దాని మెడకు తాడు వేసి పక్కకు లాగుతారు.